బెత్తెడు ఖాళీ

గుడ్డు పగిలిందంటే తప్పు గుడ్డుది కాదు, కోడిది కాదు, నాది అసలే కాదు. రోడ్డుది. ఈ మాట కొండ మీద రాళ్ళ గని క్యాంటీన్ మేనేజరుకి నేను రెండుసార్లు చెప్పాను. ఆయన రెండుసార్లూ కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, పగిలిన గుడ్లు మొదటినుంచీ లెక్కపెట్టాడు. మొదటి ట్రిప్పులో నూటపన్నెండు. రెండో ట్రిప్పులో అరవైనాలుగు.

"దాదాపు సగం తగ్గాయి కదండీ!" అన్నాను.

"తగ్గాయమ్మా. కానీ నాకు కావలసింది గుడ్లు. సొన కాదు," అన్నాడు కళ్ళద్దాలాయన. "శుక్రవారం ఇంకొక్కసారి చూస్తాను. నలభై ట్రేలు తెస్తారు కదా, అందులో ఒక ట్రే పోయినా పోనీలే అనుకుంటాను. ముప్ఫై గుడ్లు దాటితే మాత్రం ఆర్డరు వేరేవాళ్ళకి ఇచ్చేస్తాను. ఏమీ అనుకోకండి. వాళ్ళ బండి ఎత్తుగా ఉంటుంది."

ఎత్తు! ఒళ్ళు మండిపోయింది నాకు. ఆయన అబద్ధం చెప్పుంటే ఇంత మండేది కాదు. ఆ కొండ రోడ్డు మీద లారీలు తిరిగి తిరిగి రెండు పక్కలా గాడి పడిపోయింది, నడుమ రాళ్ళు పైకి లేచాయి. నా పికప్ బండి పొట్ట ఆ రాళ్ళకి మూడు చోట్ల తగులుతుంది. తగిలినప్పుడల్లా కింద ధన్‌మని ఒక మోత, వెంటనే వెనక ట్రేల్లో చిట్ చిట్ మని ఇంకో చప్పుడు. మోతని భరించొచ్చు గానీ ఆ చిట్ చిట్ వింటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఇంటికొచ్చేసరికి మా ఆయన కోళ్ళ షెడ్డులో నీళ్ళు పెడుతున్నాడు. ఐదొందల కోళ్ళు మావి. వాటిలో ఏది అలిగిందో, ఏది పక్కదాన్ని పొడిచిందో ఆయనకి తెలుసు. నా మొహం చూసి ఎన్ని పగిలాయని అడగలేదు. బకెట్ కింద పెట్టి, "అన్నం తిను ముందు," అన్నాడు.

"ఒకటంటే ఒకటే ట్రిప్పు మిగిలింది," అన్నాను.

"ఊఁ," అన్నాడు. ఆ "ఊఁ" వెనక ఏముందో నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు.

మా మధ్య ఒక ఒప్పందం ఉంది. ఇది వరకు నేను అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ఎనిమిదేళ్ళు పనిచేశాను. బల్ల ముందు నిలబడి అట్ట మడవడం, అంటించడం, పక్కకి తొయ్యడం. గంట కొడితే తాగాలి నీళ్ళు, గంట కొడితే పోవాలి బాత్రూంకి. రెండేళ్ళ క్రితం ఈ పాత పికప్ కొన్నాక ఆ గంట వినడం మానేశాను. ఊళ్ళో షాపులన్నిటికీ నేనే గుడ్లు వేసేదాన్ని. ఈ మధ్య పెద్ద కంపెనీ వ్యాను ఒకటి దిగి, షాపులన్నీ ఎగరేసుకుపోయింది. వారంలో నాలుగు రోజులు బండి ఖాళీగా ఉంటోంది. "క్యాంటీన్ ఆర్డరు నిలబడితే బండి ఉంచుదాం, లేకపోతే టైల్స్ షాపాయనకి ఇచ్చేద్దాం, పాపం ఎప్పటినుంచో అడుగుతున్నాడు," అన్నాడు మా ఆయన. నేను కోపంలో "సరే, అలాగే కానివ్వండి!" అనేశాను. అన్నాక నోరు కొట్టుకున్నా లాభం లేదు కదా. ఫ్యాక్టరీ సూపర్‌వైజరు అప్పుడే కబురంపింది, నా బల్ల ఖాళీగానే ఉందట. ఆ మాట విన్న రోజు నాకు ముద్ద దిగలేదు.

మర్నాడు పొద్దున్నే బావ షాపులో దిగాను. బావంటే మా అక్క మొగుడు. పంక్చర్లు వెయ్యడం, గాలి కొట్టడం, పాత టైర్లు కొని అమ్మడం ఆయన పని. మనిషి ఆరడుగులు, అరచేతులు చేటలంత.

"ఏం మరదలా, తెల్లారీ తెల్లారకుండా నా మీద పడ్డావు? మీ అక్క ఒక్కతే చాలదా నాకు?" అన్నాడు.

"బావా, నా బండి ఎత్తు పెరగాలి."

"హైహీల్స్ కొనిపెట్టు."

"బావా! నేను ఏడుపులో ఉన్నాను!"

అప్పుడు చూశాడు నా మొహం. స్టూలు జరిపి కూర్చోబెట్టి, అంతా విన్నాడు. బండి ఎత్తు పెరగాలంటే పెద్ద టైర్లు వెయ్యాలన్నాడు. కొత్తవి నాలుగు కొంటే బండి కన్నా టైర్లే ఖరీదవుతాయన్నాడు. నా దగ్గర ఉన్నదల్లా వాషింగ్ మెషీన్ కోసం దాచిన డబ్బు. ఆ మాట చెప్పగానే లోపలినుంచి మా అక్క, "ఏమే, ఇంకా చేత్తోనే ఉతుకుతావా? చేతులు పడిపోతాయే!" అని కేకేసింది.

"పడిపోతే పడిపోనీ. స్టీరింగ్ పట్టుకోడానికి ఒకటి మిగిలితే చాలు," అన్నాను.

"ఆ డబ్బుకి వాడేసినవి దొరుకుతాయేమో చూస్తాను," అన్నాడు బావ. "కానీ ముందే చెప్తున్నాను. పెద్ద చక్రాలు వేస్తే ఎత్తు మీద లాగడం కాస్త తగ్గుతుంది. స్పీడు మీటరు కూడా అబద్ధమాడుతుంది, నలభై చూపిస్తే నువ్వు నలభైకి పైనే పోతుంటావు."

"నా బండి కొండనైనా లాగుతుంది!"

"కొండని లాగక్కర్లేదు తల్లీ, కొండ మీదకి లాగితే చాలు."

బుధవారం మధ్యాహ్నం బావ ఫోను. ఏదో పాత బండ్ల యార్డులో ఉన్నాడు, వెనకాల ఇనుము మోతలు. "మరదలా, నీ పంట పండింది! ఎవడో డబ్బున్నవాడు మెరిసే టైర్లు వేయించుకుని, సగం కూడా అరగనివి నాలుగు వదిలేసి పోయాడు. నీ డబ్బులో వచ్చేస్తాయి. ఒక్కటి చూడు. వెనక చక్రానికీ పైన మడ్‌గార్డుకీ మధ్య ఖాళీ బెత్తెడు ఉందా? ఉంటే కళ్ళు మూసుకుని కొనేస్తాను. తొందరగా చెప్పు, ఇంకొకడు కాచుక్కూర్చున్నాడు. ఒకసారి తీసుకుంటే వీళ్ళు వెనక్కి తీసుకోరు."

నేను ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని బండి దగ్గరికి పరిగెత్తాను. మా ఆయన వెనకే వచ్చి, "టేపు తేనా?" అన్నాడు.

"బెత్తెడు చూడ్డానికి టేపెందుకండీ? నాలుగు వేళ్ళు పక్కపక్కన పెడితే బెత్తెడు. చెయ్యి లేదా నాకు?" అని నాలుగు వేళ్ళూ సందులో దూర్చాను. సరిగ్గా పట్టాయి. "ఉంది బావా, బెత్తెడు! కొనెయ్!"

గురువారం నేనూ మా ఆయనా వెళ్తే, షాపులో బండిని జాకీ మీద లేపి, పాతవి ఊడదీసి, ఆ నాలుగూ బిగించాడు బావ. కిందకి దించగానే నేను రెండడుగులు వెనక్కేసి చూశాను. నా బండేనా అనిపించింది! పొట్ట నేలకి అంటుకున్నట్టుండేది కాస్తా కాళ్ళు చాపుకుని లేచి నిలబడింది. మా అక్క కూడా చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చి, "అబ్బో, ఠీవిగా ఉందే!" అంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ముందు చక్రం లోపలి ప్లాస్టిక్‌కి గర్రున రాసుకుంది గానీ, బావ కత్తి తీసి ఆ ప్లాస్టిక్ నాలుగు వేళ్ళ మేర కోసి పారేస్తే నోరు మూసుకుంది.

"ఇప్పుడు బరువేసి చూద్దాం," అన్నాడు బావ. క్యాంటీన్ వాళ్ళకి గుడ్లతో పాటు ఎనిమిది బస్తాల బంగాళదుంపలు కూడా నేనే మొయ్యాలి. ఆ బరువుకి సరిపడా నాలుగు దాణా బస్తాలు, షాపులో పాత రిమ్ములు, మా అక్క. మా అక్క బస్తా మీద కూర్చుని, "నన్ను ఎన్ని బస్తాల కింద లెక్కేశారు?" అని అడిగింది. బావ టైరు వైపు తిరిగి గాలి చూడడం మొదలుపెట్టాడు.

నేను బండిని గుంతల మీదుగా మెల్లగా పోనిస్తుంటే, మా ఆయన వంగి, చెవి చక్రం వైపు పెట్టి పక్కనే నడిచాడు. షాపు ముందు రెండు రౌండ్లు కొట్టాం. నాకేమీ వినపడలేదు. ఆయన చెయ్యెత్తాడు.

"ఎడమ వెనకది రాసుకుంటోంది. గుంతలో దిగినప్పుడు మాత్రమే. కుడిది కూడా ఇవాళ కాకపోతే రేపు."

అది విని మండిపడాల్సింది నేను. కానీ ఒక్క క్షణం ఆయన్నే చూస్తూ ఉండిపోయాను. ఊరుకుంటే సరిపోయేది కదా. రేపు కొండ మీద టైరు చీరుకుపోయేది, ఆర్డరు పోయేది, బండి టైల్స్ షాపుకి పోయేది, ఆయన లెక్క ప్రకారం ఇంటికి మంచే జరిగేది. అయినా చెవులు రిక్కించి విని మరీ చెప్పాడు.

బావ వచ్చి సందులో చెయ్యి పెట్టబోయాడు. పట్టలేదు. మా అక్కని దింపించి, బరువంతా తీయించి మళ్ళీ పెట్టాడు. అప్పుడూ వేళ్ళు దూరలేదు.

"పాత టైరు ఉన్నప్పుడు ఇక్కడ బెత్తెడు ఉందన్నావా?"

"ఉంది! ఒట్టు!"

"ఏదీ నీ చెయ్యి?"

చాపాను. ఆయన తన చెయ్యి పక్కన పెట్టాడు. ఆయన నాలుగు వేళ్ళ వెడల్పులో నావి ఆరు పడతాయి. అక్క కడుపు పట్టుకుని నవ్వుతోంది. బావ మొహం మాత్రం మాడిపోయింది. "మరదలా, బెత్తెడంటే నాకు ఇది. నువ్వు కొలిచింది చంటిపిల్ల బెత్తెడు. అదీ ఖాళీ బండి మీద!"

"నా బండి నా చేత్తో కాక ఎవరి చేత్తో కొలవాలి? ఫోన్లో నీ చెయ్యి పంపించావా?" అని ఎగిరాను. మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "టేపు" అనే మాట వస్తుందేమోనని ఆయన వైపు ఒక్క చూపు చూశాను. రాలేదు. తెలివైనవాడు.

టైర్లు వెనక్కి తీసుకోరు. డబ్బు ఇక లేదు. బావ తల గోక్కుంటూ షాపు వెనక పాత ఇనుప సామాను కుప్పలోకి దిగి, అరగంట వెతికి, ఒక కమాన్ పట్టీ పట్టుకొచ్చాడు. బండి బరువు మోసేవి ఆ వంపు తిరిగిన ఇనప పట్టీలే. రెండు వైపులా ఒక్కోటి అదనంగా వేస్తే బండి వెనక కిందకి దిగదు, టైరు రాసుకోదు. రెండోది దొరకడానికి ఇంకో అరగంట పట్టింది. సాయంత్రానికి బిగించేశాడు. అక్క మళ్ళీ ఎక్కింది, ఈసారి చక్రం చప్పుడు చెయ్యలేదు. అక్కే చేసింది.

"అమ్మో! నడుం విరిగింది! ఇది బండా, రోలా?"

బావ నా వైపు జాలిగా చూశాడు. "అదే తల్లీ కష్టం. పట్టీ వేస్తే బండి బిగుసుకుపోతుంది. ఇప్పుడు పొట్టకి ఏ రాయీ తగలదు. కానీ కిందున్న ప్రతి రాయీ గుడ్డుకి తెలుస్తుంది. గాలి కాస్త తగ్గిస్తాను, అంతకన్నా నా చేతిలో ఏం లేదు."

తలపట్టుకుని ఇంటికొచ్చాను. మంచం మీద పడి కాసేపు ఏడుద్దామని గదిలోకి వెళ్తే, మా ఆయన పరుపు చుట్టేస్తున్నాడు.

"ఏం చేస్తున్నారండీ?"

"దుంపల బస్తాలు అడుగున పరిచి, వాటి మీద ఇది వేసి, దీని మీద ట్రేలు పెడదాం. అదురు తెలీదు."

"అది మన పరుపు!"

"పదకొండేళ్ళు మనల్ని మోసింది. ఒక్క పూట గుడ్లని మొయ్యదా?"

"మరి రాత్రికి?"

"చాప ఉంది," అన్నాడు తాడు వెతుక్కుంటూ. ఈ మనిషి బండి అమ్మేద్దామన్నవాడేనా అని నాకు అనుమానమొచ్చింది.

శుక్రవారం పొద్దున్న బయల్దేరాం. ఆయన ట్రేలు పట్టుకుని వెనకే కూర్చుంటానన్నాడు. కొండ రోడ్డు మొదలైంది. మొదటి రాయి దగ్గర స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాను. బండి దాటేసింది. మోత లేదు! రెండో రాయి, మూడో రాయి. కింద ధన్ లేదు, వెనక చిట్ లేదు. నేను ఒక్కదాన్నే క్యాబిన్‌లో పెద్దగా అరిచాను. "చూశారా! చూశారా!" అని వెనక్కి కేకేస్తే, "రోడ్డు చూడు!" అని ఆయన కేకేశాడు.

ఆ సంతోషం ఆఖరి ఎత్తు దాకా. క్యాంటీన్ కనిపిస్తూనే ఉంది, మధ్యలో నిటారుగా ఒక్క చిన్న ఎత్తు. ఎన్నోసార్లు ఎక్కినదే. ఫస్టు గేరులో సగం దాకా పోయి, ఇంజను గుర్రు గుర్రుమని ఆగిపోయింది. వెనక్కి జారనిచ్చి, వేగం పుంజుకుని మళ్ళీ పోయాను. మళ్ళీ అక్కడే ఆగింది. మూడోసారీ అంతే. బావ చెప్పిన లాగుడు సంగతి అప్పుడర్థమైంది నాకు. ఇన్ని చేసి, పరుపు కూడా తెచ్చి, కళ్ళ ముందు క్యాంటీన్ పెట్టుకుని, ఇక్కడా ఆగిపోవడం?

మా ఆయన దిగి కిటికీ దగ్గరికి వచ్చాడు. "ట్రేలు మోసుకుపోదామా? నలభై కదా, నేను రెండేసి..."

"మూడు మీరే జారి పడేస్తారు. బస్తాలెవరు మోస్తారు? ఉండండి."

బండి నేర్పిన లారీ డ్రైవరు ఒకసారి అన్నాడు, రివర్సు గేరుకి ఫస్టు గేరు కన్నా లాగుడు ఎక్కువని. నేనెప్పుడూ చేసి చూడలేదు. కింద వంపు దగ్గర కాస్త వెడల్పు ఉంది. అక్కడ బండి తిప్పాను, మూతి లోయ వైపు, వీపు కొండ వైపు. ఏం చెయ్యబోతున్నానో తెలియగానే మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"వెనక్కా?"

"వెనక్కే."

"ఆ పక్కన లోయ..."

"అందుకే మీరు పైన నిలబడి చెప్పండి."

ఆయన ఎత్తు మీదకి పోయి నిలబడ్డాడు. నేను రివర్సు వేసి క్లచ్ వదిలాను. బండి కదిలింది. అద్దంలో ఆయన కనిపిస్తున్నాడు, రెండు చేతులూ ఊపుతూ, నా వైపే చూస్తూ, తను కూడా వెనక్కి వెనక్కి అడుగులేస్తూ.

"రానీ... రానీ... కొంచెం కుడికి... అది ఎడమ, కుడికి! ఆఁ, రానీ... భయపడకు, నేనున్నా, రానీ!"

భయపడుతోంది ఆయనే. అయినా పదకొండేళ్ళలో ఆయన అంత గట్టిగా అరవడం నేను వినలేదు. నేను అద్దంలో లోయని చూడలేదు, ఆయన చేతుల్నే చూస్తూ తొక్కాను. సగం దాటింది. ఇంజను మూలిగింది గానీ ఆగలేదు. ఒక్కసారిగా నేల సమానమైంది, వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. క్యాంటీన్ వంటవాళ్ళు.

కళ్ళద్దాలాయన బయటికొచ్చి బండినీ, పరుపునీ, చెమటలు కక్కుతున్న మా ఆయన్నీ చూశాడు. "వస్తున్నారా, వెళ్ళిపోతున్నారా?" అని అడిగాడు.

"వచ్చేశాం. లెక్కపెట్టుకోండి," అన్నాను.

ట్రేలు ఒక్కొక్కటే బల్ల మీదకి దించాం. ఆయన వంగి, ప్రతి గుడ్డూ చూపుడు వేలితో తడుముతున్నాడు. పదో ట్రే అయ్యేసరికి మొత్తం నాలుగు పగిలినవి. ఇరవయ్యో ట్రేకి ఎనిమిది. తర్వాత ఒకే ట్రేలో ఐదు పోయాయి. ఇరవయ్యెనిమిదో ట్రేకి పదహారు. ఇంకా పన్నెండు ట్రేలున్నాయి. పన్నెండు ట్రేల్లో ఇంకో పదిహేను పగిలి ఉండవని ఎవరు చెప్పగలరు?

సరిగ్గా అప్పుడే మా ఆయన ఫోను మోగింది. టైల్స్ షాపాయన. రేపు బండి చూడ్డానికి ఎన్నింటికి రమ్మంటారని అడుగుతున్నాడు. నాకు ఇక్కడికి వినపడుతోంది.

"రావద్దండీ," అన్నాడు మా ఆయన. "అమ్మడం లేదు."

నేను ఆయన చెయ్యి పట్టుకుని గుంజాను. "ఏవండీ! ఇంకా పన్నెండు ట్రేలున్నాయి! లెక్క తేలలేదు!"

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. "తేలకపోతే ఏమవుతుంది? ఎక్కువైతే ఇంకో ఆర్డరు వెతుక్కుందాం. వీపు తిప్పి కొండెక్కిన మనిషిని తీసుకెళ్ళి మళ్ళీ ఆ అట్టపెట్టెల ముందు నిలబెట్టమంటావా నన్ను? నావల్ల కాదు," అన్నాడు.

నాకు మాటే రాలేదు. నాకు! కళ్ళల్లో నీళ్ళు ఆగలేదు, అందరి ముందూ చీర కొంగుతో మొహం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చేశాను. పాపం కళ్ళద్దాలాయన కంగారుపడి, గుడ్ల కోసమే ఏడుస్తున్నాననుకుని, మిగతా ట్రేలు గబగబా చూసేశాడు.

"పంతొమ్మిదేనమ్మా! మొత్తం పంతొమ్మిదే!" అన్నాడు.

నేను వినిపించుకోలేదు. మా ఆయన మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.